ఎండాకాలంలో కారిన పాక

నా చిన్నప్పుడు మా తమ్ముడికి జ్వరం వచ్చినా నాకు కుళ్ళుగానే ఉండేది. జ్వరం వాడికి, బ్రెడ్డు ముక్కలు వాడికి, నుదుటి మీద తడిగుడ్డ వాడికి, మంచం పక్కన కూర్చుని విసనకర్ర ఊపే తాతయ్య కూడా వాడికే. నాకు మాత్రం ఏడాది పొడుగునా గుండ్రాయిలాంటి ఆరోగ్యం. దేవుడు కక్షగట్టి ఇచ్చిన ఆరోగ్యం అది. అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టేసినదాన్ని కాబట్టి నాకు పెద్ద పెద్ద మాటలు రావు. అసూయ, ఈర్ష్య అని పుస్తకాల్లో రాస్తారట. మేం కుళ్ళు అంటాం. నాకు ఆ మాటే నచ్చుతుంది, లోపల ఉన్నప్పుడు అది నిజంగానే వాసన వేస్తుంది కనక.

తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాదు, మా బాబాయి కొడుకు. నాకన్నా మూణ్ణెల్లు చిన్న. జీవితంలో వాడి మీద నేను గెలిచిన పందెం ఆ మూణ్ణెల్లే.

మాది కొత్తపేట దగ్గర కాలవగట్టు మీద ఊరు. వడ్రంగం చేసే ఇల్లు. మా నాన్న కాట్రేనికోనలో పడవల పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. ఇంటి పక్కన తాటాకు పాకలో మా తాతయ్య పని చేసేవాడు. మొదట్లో బాబాయిది కూడా ఆ పాకే. ఆ ఏడు ఉగాది వెళ్ళాక వేరుపడి, రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. గొడవేం జరగలేదు. మా దగ్గర గొడవలు కూడా మర్యాదగానే జరుగుతాయి. "నేను వేరే పెట్టుకుంటానండి నాన్నగారూ" అన్నాడు బాబాయి. "ఆయ్, పెట్టుకో నాయనా" అన్నాడు తాతయ్య. అంతే. ఆ తర్వాత నెల్లాళ్ళు తాతయ్య విస్తట్లో అన్నం సగం అలాగే ఉండిపోయేది.

ఏటా వేసవిలో పాక మీద పాత ఆకు తీసి కొత్త తాటాకు నేయడం మా ఇంట్లో ఆనవాయితీ. తాతయ్య నిచ్చెన పట్టుకుంటే బాబాయి పైకెక్కేవాడు. ఆ ఏడు ఎవరూ ఎక్కలేదు. పిలవడానికి తాతయ్యకి మొహమాటం. పిలవకుండా రావడానికి బాబాయికి మొహమాటం. మధ్యలో పాక ఒక్కటే మొహమాటం లేకుండా చివికిపోతోంది.

షెడ్డు పెట్టినప్పుడే బాబాయి రాజమండ్రి వెళ్ళి మూడు ఇనప క్లాంపులు తెచ్చుకున్నాడు. రెండు చెక్కల అంచులకి బంక రాసి కలిపాక, ఆ బంక ఆరేదాకా వాటిని కదలకుండా అదిమిపట్టి ఉంచే సాధనం క్లాంపు. పొడుగాటి ఇనప కడ్డీ, దానికి ఒక చివర ఆపు, రెండో చివర తిప్పి బిగించే మర. ఒక్కోటీ నాలుగడుగులు. మరలకి ఎర్ర రంగు. మా పాకలో ఉన్నవి జానెడేసి క్లాంపులు రెండు, వాటిల్లో ఒకదానికి మర అరిగిపోయి గుడ్డపేలిక చుట్టి తిప్పేవాళ్ళం.

ఆ ఎర్ర క్లాంపులు వచ్చిన రోజు నుంచి మా తమ్ముడి నడకే మారిపోయింది.

"మా నాన్న క్లాంపు బిగిస్తే ఏనుగు కూడా కదల్లేదే" అన్నాడొకనాడు.

"మీ ఇంట్లో ఏనుగెక్కడుందిరా, మీ అమ్మ కాకుండా" అన్నాను.

ఆ మాటకి మా నాయనమ్మ చేతిలో నాకు రెండు దెబ్బలు పడ్డాయి. పిన్ని మాత్రం పడీపడీ నవ్వి వాడికీ నాకూ చెరో పూతరేకు పెట్టింది. వాడి పూతరేకు పెద్దది. నేను ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

దెబ్బలకన్నా నన్ను ఎక్కువ కాల్చింది మరొకటి. సాయంత్రం పూట తాతయ్య నడక మిషతో రోడ్డు దాకా వెళ్ళి, ఆ షెడ్డు ముందు నిలబడి, ఎర్ర మరని వేలితో తడిమి, "బాగుందిరా" అని వచ్చేవాడు. నేను రోజంతా ఆయన పక్కనే ఉండేదాన్ని. పొట్టు ఊడ్చేదాన్ని, ఉలి అందించేదాన్ని, బంక కాచేదాన్ని. నన్ను పట్టుకుని ఒక్కనాడు బాగుందే అనలేదు. ఇనుముకున్న విలువ మనవరాలికి లేదన్నమాట.

బంక కాచడం నా ఉద్యోగమని చెప్పాలి. అప్పట్లో బంక ఇప్పటిలా తెల్లగా డబ్బాల్లో వచ్చేది కాదు. తోలూ ఎముకలూ ఉడికించి ఎండబెట్టిన గోధుమరంగు పలకలు దొరికేవి. వాటిని ముందురోజు నానేసి, నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నసెగ మీద కరిగించాలి. మరిగిందా, పట్టు పోతుంది. చల్లారిందా, గడ్డకడుతుంది. వాసన సంగతి చెప్పను, మీరు భోంచేసి చదువుతున్నారో చెయ్యక చదువుతున్నారో.

అలా ఉండగా ఒకరోజు మా ఊరి మునసబుగారు పాకలోకి వచ్చారు. ఆయన అయిదుగురు అన్నదమ్ముల్లో పెద్ద. వాళ్ళమ్మగారు కొత్తకోడలిగా వచ్చిన ఏడు పెరట్లో నాటిన పనసచెట్టు కిందటేడు గాలివానకి పడిపోయింది. ఆ చెక్కతో బల్ల చేయించి, అయిదుగురు కొడుకులూ దాని చుట్టూ కూర్చుని తింటుంటే చూడాలని ఆవిడ కోరిక. ఆ అయిదుగురూ ఒకచోట కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు.

"గుండ్రంగా చేసెయ్యండి మేస్త్రీగారూ" అన్నారు మునసబుగారు. "మా అమ్మగారు మరీ మరీ చెప్పేరు. బల్లకి కొస అంటూ ఉంటే మా వాళ్ళు అన్నం మానేసి ఆ కొస ఎవడిదని కొట్టుకుంటారంట."

"అయితే ఆరడుగులుండాలండి" అన్నాడు తాతయ్య.

"ఈ ఆదివారం కాక పై ఆదివారానికి అందరూ వస్తన్నారు. అవుద్దాండి? కుదరకపోతే చెప్పండి, మీ అబ్బాయి దగ్గర ఏవో ఇనప సామాన్లున్నాయంట కదా, అక్కడికి..."

"ఆయ్, అవుద్దండి" అన్నాడు తాతయ్య. ఎదుటిమనిషి మాట పూర్తికాకుండా మా తాతయ్య మాట్లాడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

చెట్టు కోయిస్తే తొమ్మిదేసి అంగుళాల వెడల్పున సరిగ్గా ఎనిమిది పలకలు వచ్చాయి. పసుపు రాసినట్టున్న పనస పలకలు. ఒక్కటి పాడైతే తొమ్మిదోది లేదు, ఇంకో చెట్టూ లేదు. ఎనిమిదింటినీ పక్కపక్కన పేర్చి అతికించి, ఆరాక గుండ్రంగా కోయాలి. తాతయ్య మూడు రోజులు వాటి అంచులకి చిత్రిక పట్టాడు. రెండు పలకలు ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే మధ్యలోంచి వెంట్రుకంత కాంతి కూడా రాకూడదు.

అతికించే రోజు పొద్దున్నే నేను బంక పొయ్యి మీద పెట్టాను. పొయ్యి అంటుకుందో లేదో మా తమ్ముడు దిగాడు. భుజం మీద ఎర్ర క్లాంపు. యుద్ధానికి గద మోసుకొస్తున్నట్టు వస్తున్నాడు.

"మా నాన్న అమలాపురం ఎల్లేరు తాతా. నీకు కావాలని నేనే తెచ్చేను" అన్నాడు.

తాతయ్య మొహం వెలిగింది. నా మొహం పొయ్యిలో బొగ్గయింది. వాడు క్లాంపు తీసుకెళ్ళి పేర్చిన పలకల మీద పెట్టాడు. ఒక చివర ఆపు తగిలించి రెండో చివర లాగాడు. కడ్డీ అయిపోయింది గాని బల్ల అయిపోలేదు. ఇంకా రెండడుగులుంది. పొడుగాటి మనిషి మీద పొట్టి దుప్పటి కప్పినట్టుంది, తల కప్పితే కాళ్ళు బైట.

"లాగరా, ఇంకాస్త లాగు. కొత్తది కదా, సాగుద్దేమో" అన్నాను.

వాడి చెవులు మరలాగే ఎర్రబడ్డాయి. నాకు పుట్టినరోజంత సంతోషం కలిగింది.

"నవ్వింది చాల్లేవే, నీ బంక మరిగిపోతంది చూసుకో" అన్నాడు తాతయ్య. తర్వాత వాడి వీపు మీద చెయ్యేసి, "పడవ బల్లలు ఇరవయ్యేసి అడుగులుంటాయి నాయనా. వాటికి ఏ రాజమండ్రిలో దొరుకుద్ది క్లాంపు? తాడుంటే చాలు. తాడు ఎంత పొడుగంటే అంత పొడుగు" అన్నాడు.

మా నాన్నా, తాతయ్యా పడవల దగ్గర నేర్చిన పని అది. రెండు దూలాల మీద పలకలు పేర్చి, కొబ్బరి పీచు తాడుని బల్ల పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చుట్టి ముడేశాడు. అలాంటి చుట్లు మూడు, ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి, నడుమ ఒకటి. అంచుల్ని తాడు కోసెయ్యకుండా కొబ్బరి మట్ట ముక్కలు అడ్డం పెట్టాడు. ఒక్కో చుట్టులోనూ ఒక కర్ర దూర్చి తిప్పితే తాడు మెలిపడి బిగుస్తుంది, పలకలు దగ్గరికొస్తాయి. తడిబట్ట పిండేటప్పుడు చూడండి, అలాగే.

నేను బంక అందించాను, తాతయ్య గబగబా పూశాడు. కాలవ వైపు కర్ర నాకిచ్చాడు, రోడ్డు వైపు కర్ర వాడికిచ్చాడు, నడిమిది తను పట్టాడు. ముగ్గురం ఒకేసారి తిప్పాలి, ఒకే లెక్కన ఆపాలి. "అతుకు మీద బంక చెమట పట్టినట్టు పట్టాలి. పట్టకపోతే చాలనట్టు. కారితే ఎక్కువైనట్టు" అన్నాడు. తిప్పుతుంటే అతుకుల వెంబడి సన్నటి చుక్కలు వరసగా తేలాయి, ఎండలో నడిచొచ్చినవాడి పై పెదవి మీద చెమటలాగ. ఆపమన్నాడు. కర్రలు వెనక్కి తిరక్కుండా బల్లకి కట్టేశాడు. పలకలు లేవకుండా మధ్యలో రెండు కొబ్బరికాయల బస్తాలు ఎక్కించాడు.

అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి మా తమ్ముడి తల నిమిరాడు. "నీ చెయ్యి అచ్చం మీ నాన్న చెయ్యేరా" అన్నాడు. తర్వాత నేనున్నానని గుర్తొచ్చి, "ఇది కూడా బంక బానే కాచింది" అన్నాడు. నాయనమ్మ పప్పుచారు గురించి కూడా ఆయన అలాగే అనేవాడు.

ఆ చెయ్యేదో ఎలా ఉందోనని వాడి చెయ్యి చూశాను. గోళ్ళలో మట్టి. నా చెయ్యీ చూసుకున్నాను. బంక వేడికి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి.

మధ్యాహ్నం తాతయ్య కునుకు తీయబోతూ మా ఇద్దర్నీ పాకలో కాపలా పెట్టాడు. కోళ్ళు ఎక్కకుండా, మేకలు తాడు నమలకుండా చూడమన్నాడు. వంతులేసుకుని అన్నానికి వెళ్ళాం. ముందు నేను వెళ్ళొచ్చాను. తర్వాత వాడు వెళ్ళాడు. పాకలో నేనూ, బల్లా మిగిలాం.

అప్పుడు బుద్ధి పుట్టింది. నులకమంచం వదులైతే మా నాయనమ్మ దాని మీద నీళ్ళు చల్లి ఎండలో పడేసేది. తడిస్తే పీచు తాడు బిగుస్తుందని మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలుసు. తాతయ్య తాడు తడపలేదు. పెద్దాయన, మర్చిపోయుంటాడు అనుకున్నాను. నా వైపు తాడు తడిపితే అది వాడి వైపు తాడుకన్నా బిగుస్తుంది. సాయంత్రం తాతయ్య వచ్చి వేలితో మీటి చూస్తాడు. వాడిది టప్ మంటుంది, నాది టంగుమంటుంది. అప్పుడు చూద్దాం ఎవరి చెయ్యి ఎవరి చెయ్యో.

గాబులోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి నా తాడు మీద పోశాను. చాల్లేదనిపించి ఇంకో చెంబు. మూడో చెంబు వాడి పూతరేకు గుర్తొచ్చి పోశాను.

నీళ్ళు తాడు మీద ఆగి నా మాట వింటాయనుకున్నాను. అవి అతుకుల్లోకి దిగాయి. వేడితో కరిగే బంక నీళ్ళకీ మెత్తబడుతుంది, ఆ సంగతి ఊళ్ళో అందరికన్నా బంక కాచే నాకే బాగా తెలియాలి. కుళ్ళు పట్టినప్పుడు మనిషికి ముందుగా పోయేది సొంత వృత్తి. తాడు మాత్రం నా మాట విని బిగిసింది. పైన తడిసినచోట బిగిసింది, కింద పొడిగా ఉన్నచోట అలాగే ఉంది. కాలవ వైపు అంచు నెమ్మదిగా పైకి లేచింది. ఫెళ్ళుమని ఒక అతుకు విడింది. ఇంకొకటి. కొబ్బరికాయల బస్తా ఒకటి పక్కకి ఒరిగి కాయలు పాకంతా దొర్లాయి.

తాతయ్య పరుగున వచ్చేసరికి ఆరడుగుల బల్ల పళ్ళెంలా వంగి ఉంది. మునసబుగారి అన్నదమ్ములు అందులోనే అన్నం పోసుకుని కలుపుకు తినేయొచ్చు. ఇప్పుడు నవ్వొస్తోంది గాని అప్పుడు దొర్లిన కాయలు గబగబా ఏరడం మొదలెట్టాను. తొమ్మిదో పలక లేదు. చెట్టు లేదు. ఆ మాట నాకు ఆ క్షణందాకా గుర్తే రాలేదు.

తమ్ముడు అన్నం చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. వాడి మొహం నాకన్నా పాలిపోయింది. నా గురించి బెంగ కాబోలనుకున్నాను, దానికి కూడా కాస్త కుళ్ళుకున్నాను.

తాతయ్య తడితాడు ముట్టుకున్నాడు. రోడ్డు వైపు తాడు దగ్గరికెళ్ళి దాన్నీ, కట్టిన కర్రనీ చూశాడు. చెంబు చూశాడు. నా పరికిణీ అంచు చూశాడు. అంచు నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. ఆయన కళ్ళు అక్కడే కాసేపు ఆగాయి. తర్వాత తలెత్తి పైకప్పు చూశాడు.

"ఈ మూల వాన పడినట్టుందే" అన్నాడు.

బైట రోళ్ళు పగిలే ఎండ. వైశాఖమాసం. ఆకాశంలో దూదిపింజె లేదు.

"ఆయ్" అన్నాను.

"పాక కారిందన్నమాట" అన్నాడు తాతయ్య, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తమ్ముడు కూడా పైకి చూసి, "ఆయ్ తాతా, కారింది" అన్నాడు. వాడెందుకు అన్నాడో నాకు అర్థం కాలేదు. వాడు కొండేలు చెప్పకపోవడం అదే మొదలు.

సాయంత్రం బాబాయి అమలాపురం నుంచి వచ్చి, క్లాంపు కనబడక వెతుక్కుంటూ పాకకి వచ్చాడు. ఉగాది తర్వాత గడప దాటి లోపలికి రావడం అదే. వంగిన బల్ల చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏం జరిగిందండి?"

"పాక కారింది నాయనా" అన్నాడు తాతయ్య.

బాబాయి తలెత్తి పైకప్పు చూశాడు. బైట ఎండ చూశాడు. మా ఇద్దరి మొహాలూ చూశాడు. మళ్ళీ పైకప్పు చూశాడు. బాబాయి అబద్ధం సహించే మనిషి కాదు.

"ఆయ్, కారుద్దండి" అన్నాడు చివరికి. "ఈ ఏడు నేతే పడలేదు కదండి మరి."

మర్నాడు తెల్లారేసరికి నిచ్చెనతో, తాటాకు మోపుతో వచ్చాడు. నిచ్చెన తాతయ్య పట్టుకున్నాడు. ఆకు అందించే పని నాకు పడింది. పొద్దుటి నుంచి ఎండ వాలేదాకా ఒక్కో ఆకూ ఎత్తి పైకిచ్చాను. కారని పాకకి కప్పు నేస్తున్నారు, నేను పోసిన మూడు చెంబులకి. ఒక్కో ఆకు అందుకున్నప్పుడల్లా బాబాయి "ఇక్కడ కూడా పడినట్టుందండి వాన" అని కింద తాతయ్యకి చెప్పేవాడు. "అబ్బో, పెద్ద వానే" అనేవాడు తాతయ్య. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. నేను తల దించుకుని ఇంకో ఆకు ఎత్తేదాన్ని. ఒక్క దెబ్బ కొట్టి వదిలేసుంటే ఎంత హాయిగా ఉండేదో. కొట్టిన దెబ్బ సాయంత్రానికి పోతుంది, ఈ మర్యాద యాభై ఏళ్ళయినా పోలేదు.

ఆ మధ్యాహ్నం పాకలోనే ముగ్గురికీ విస్తళ్ళు వేసింది నాయనమ్మ. తాతయ్య విస్తట్లో మెతుకు మిగల్లేదు.

బల్ల సంగతి చెప్పాలి. ఆ పాత బంకలో గొప్పతనం ఏమిటంటే తప్పు దిద్దుకోనిస్తుంది. నా చేతే నీళ్ళు కాగబెట్టించి, అతుకుల వెంబడి సన్నధారగా పోయించాడు తాతయ్య. పలకలు ఎనిమిదీ ఒకదాన్నొకటి వదిలేశాయి, ఒక్కటి కూడా చిట్లకుండా. తుడిచి, నీడన ఆరబెట్టి, అంచులకి మళ్ళీ చిత్రిక పట్టారు, ఈసారి తండ్రీకొడుకులిద్దరూ చెరో పక్కన కూర్చుని. శుక్రవారం మళ్ళీ అతికించారు.

"రెండు క్లాంపులు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని ఆపు ఇంకోదానికి తగిలిస్తే అందుద్దండి" అన్నాడు బాబాయి.

"అయితే నడుమ అదే పెట్టు. పక్కలకి తాళ్ళు" అన్నాడు తాతయ్య.

తాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మేమిద్దరం. నేను కాలవ వైపు నా కర్ర దగ్గరికి వెళ్ళబోతుంటే తాతయ్య ఆపాడు. "ఇయ్యాల నువ్వు వాడి తాడు పట్టు. వాడు నీ తాడు పడతాడు" అన్నాడు.

అది చాలా అన్యాయమైన పని. ఇప్పుడు నేను గట్టిగా తిప్పితే బిగిసేది వాడి తాడు. తిప్పకపోతే వదులయ్యేది నా చేతిలోది. ఎటు కుళ్ళుకోవాలో తెలియక నా కుళ్ళు దారితప్పి బల్ల మధ్యలో నిలబడిపోయింది. ఎదురుగా చూస్తే వాడూ అలాగే దిక్కులు చూస్తున్నాడు. చేసేదేం లేక ఇద్దరం అతుకు వైపు చూశాం. తిప్పుతూ, ఆగుతూ, వాడి వైపు చుక్కలు తేలాయా అని నేను, నా వైపు తేలాయా అని వాడు. చెమట పట్టగానే ఇద్దరం ఒకేసారి "చాలు" అన్నాం.

ఆదివారం నాటికి బల్ల మునసబుగారి సావిట్లో ఉంది. వాళ్ళమ్మగారు దాని అంచు మీద చెయ్యేసి చుట్టూ ఒకసారి నడిచొచ్చారు. అయిదుగురూ కూర్చున్నారు. కూర్చున్న అయిదు నిమిషాలకే ఫ్యాను కింద కుర్చీ ఎవరిదనేదాని మీద మాటామాటా వచ్చిందని విన్నాం. గుండ్రటి బల్లకి కూడా కొస వెతికారు మహానుభావులు. అయినా లేచి వెళ్ళిపోకుండా కొట్టుకుంటూనే తిన్నారట. "అది చాలు" అన్నారట ఆవిడ.

తాతయ్య ఆ వాన గురించి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మా తమ్ముడికి అమలాపురంలో పెద్ద దుకాణం ఉంది. గాలితో పనిచేసే క్లాంపులట, మీట నొక్కితే పది అడుగుల తలుపయినా బుస్సుమని పట్టేస్తాయి. మొన్న వాణ్ణి చూడ్డానికి వెళ్ళాను. నాకు రెండు మోకాళ్ళూ నొప్పి, వాడికి ఒకటే నొప్పి. దానికీ కుళ్ళుకున్నాను. కాఫీ తాగుతూ, ఇన్నేళ్ళకి, ఆ రోజు నీళ్ళు పోసింది నేనేరా అని చెప్పాను. గుండెల మీద బరువు దింపుకుంటున్నాననుకున్నాను.

"తెల్సక్కా" అన్నాడు వాడు. "నువ్వు ముందు అన్నానికి వెళ్ళేవు గదా. అప్పుడు నేను కట్టు విప్పి నా కర్ర ఇంకో రెండు చుట్లు తిప్పేను. నా వైపు అతుకుల్లో బంకంతా అప్పుడే కారిపోయింది. నువ్వు చెంబుడు నీళ్ళు పొయ్యకపోయినా అది నిలిచేది కాదు."

"నీకేం రోగం వచ్చిందిరా? తల నీదే కదా నిమిరింది?"

"నిమిరితే? రోజూ తాతయ్య పక్కన ఉండేది నువ్వు. బంక గిన్నె నిన్ను తప్ప ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మేం వేరుపడ్డాక ఆ పాకలోకి రావాలంటే నాకు ఏదో ఒకటి మోసుకురావాల్సొచ్చేది."

తాతయ్య ఆ రోజు రోడ్డు వైపు కర్ర దగ్గర ఎందుకు ఆగాడో, రెండోసారి కర్రలు ఎందుకు మార్చాడో అప్పుడు తట్టింది. ఆయనకి రెండు వానలూ కనబడ్డాయన్నమాట.

నిజం చెప్పొద్దూ, ముందు నాకొచ్చింది కోపం. యాభై ఏళ్ళుగా అది నా ఒక్కదాని తప్పనుకుని కడుపులో దాచుకున్నాను. చివరికి దాన్లో కూడా వాడికి సగం వాటా తేలింది. అదీ పెద్ద సగం.

"పాక కారింది లేరా" అన్నాను.

వాడు తలెత్తి వాడి దుకాణం పైకప్పు చూశాడు. కొత్త రేకులు, చీమ దూరే సందు లేదు. "ఆయ్, కారిందక్కా" అన్నాడు.

నా కుళ్ళు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. వచ్చేటప్పుడు వాడి కోడలు కట్టుకున్న చీర చూసి దారంతా మా కోడల్ని సాధించాను. కాకపోతే ఒక అలవాటు మాత్రం మిగిలింది. ఇంట్లో గిన్నె పగిలినా, పిల్లలు ఒకళ్ళ పుస్తకం ఒకళ్ళు చింపినా, ఎవరి తప్పయినా నా కంటపడగానే నోరు లేవబోతుంది. ఆ లేవబోయే ముందు ఒక్కసారి వంగి నా చీర అంచు చూసుకుంటాను, తడిగా ఉందేమోనని.